బండిని విప్పి చదువుకున్న మనిషి: జి.డి. నాయుడు

మన మ్యాగజైన్‌లో ఇప్పటిదాకా కవుల గురించి రాశాం, సినిమా డైరెక్టర్ల గురించి రాశాం, స్వాతంత్ర్య సమరయోధుల గురించి రాశాం. ఒక మెకానిక్ గురించి మాత్రం ఎవరూ రాయలేదు. ఇంజినీరింగ్ కాలేజీ మ్యాగజైన్‌కి అది కొంచెం వింతే కదా. అందుకే ఈసారి నేను జి.డి. నాయుడు గురించి రాస్తున్నాను. మాధవన్ హీరోగా ఆయన బయోపిక్ తీస్తున్నారని విన్నాక మనలో కొందరు ఈ పేరు గూగుల్ చేసి ఉంటారు. మిగతావాళ్లకు చిన్న పరిచయం: ఆయన చదివింది మూడో తరగతి. మోటారు సైకిల్ విప్పాడు, బస్సు కంపెనీ పెట్టాడు, ఎలక్ట్రిక్ మోటారు చేయించాడు, కారు చేశాడు, చివరికి ఒక ఇంజినీరింగ్ కాలేజీకి ప్రిన్సిపాల్ కూడా అయ్యాడు.

ఇంకో విషయం. ఈయన మనవాడే. అంటే తెలుగువాడే. పుట్టింది, బతికింది అంతా కోయంబత్తూరు దగ్గర. కానీ ఇంట్లో మాట తెలుగు. విజయనగర రాజుల కాలంలో, నాయక రాజుల కాలంలో దక్షిణానికి వెళ్లి అక్కడే భూములు దున్నుకుని స్థిరపడిన తెలుగు రైతు కుటుంబాలు కోయంబత్తూరు చుట్టుపక్కల చాలా ఉన్నాయి. అట్లాంటి ఒక కుటుంబంలో, కలంగల్ అనే పల్లెటూళ్లో, 1893 మార్చి 23న ఆయన పుట్టాడు. పూర్తి పేరు గోపాలస్వామి దొరైస్వామి నాయుడు. గోపాలస్వామి తండ్రి పేరు.

బడి పడలేదు

చిన్నప్పుడే తల్లి పోయింది. బడికి పంపితే కుదురుగా ఉండలేదు. టీచర్ల మీద ఇసుక చల్లి పారిపోయేవాడని ఆయన జీవితకథల్లో చెప్తారు. మూడో తరగతితో చదువు ఆగిపోయింది. తర్వాత పొలం పనిలో పెట్టారు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఇట్లాంటి కథలు చదివినప్పుడు చదువు మానేస్తేనే గొప్పవాళ్లవుతారు అనే ఫీలింగ్ వస్తుంది. వాట్సాప్ స్టేటస్‌ల నిండా అదే ఉంటుంది. నాయుడు జీవితం చూస్తే అది నిజం కాదు. ఆయన బడి మానేశాడు గానీ చదవడం మానలేదు. దొరికిన పుస్తకం, దొరికిన పేపరు చదువుతూ ఉండేవాడు. తర్వాత సొంత డబ్బుతో వేరేవాళ్ల కోసం చదువుకునే సంస్థలు పెట్టాడు. చదువు మీద గౌరవం లేని మనిషి ఆ పని చేయడు.

రడ్జ్ మోటారు సైకిల్

ఆయన జీవితం మలుపు తిరిగింది ఒక బండి వల్ల. ఒక బ్రిటిష్ రెవెన్యూ అధికారి ఆ ఊరి దారిలో మోటారు సైకిల్ మీద వచ్చాడు. అది రడ్జ్ కంపెనీ బండి. ఇంగ్లండ్‌లోని కావెంట్రీలో సైకిళ్లు చేసే కంపెనీ అది, అప్పుడప్పుడే మోటారు సైకిళ్లలోకి దిగింది. ఎద్దు లేకుండా, గుర్రం లేకుండా, తొక్కకుండా నడిచే బండిని పల్లెటూరి కుర్రాడు అంతకుముందు చూసి ఉండడు. చూడగానే అది తనకు కావాలనిపించింది.

చేతిలో డబ్బు లేదు. కోయంబత్తూరు వెళ్లి ఒక హోటల్లో సర్వర్‌గా చేరాడు. టేబుళ్లు తుడిచి, టిఫిన్లు అందించి, దాదాపు మూడేళ్లు పైసా పైసా కూడబెట్టాడు. చివరికి 300 రూపాయలు ఇచ్చి ఆ అధికారి బండినే కొన్నాడు. ఆ రోజుల్లో 300 అంటే ఒక కుటుంబం చాలా నెలలు బతికే డబ్బు.

కొన్న తర్వాత ఆయన చేసిన పని చూడండి. ఊళ్లో తిరిగి షో చేయలేదు. బండిని మొత్తం విప్పేశాడు. ఏ ముక్క ఎక్కడ నుంచి వచ్చిందో, ఎందుకుందో చూసుకుంటూ మళ్లీ బిగించాడు. మాన్యువల్ లేదు, యూట్యూబ్ లేదు, అడిగితే చెప్పేవాడు లేడు. మన సీఎస్ఈ వాళ్ల భాషలో చెప్పాలంటే సోర్స్ కోడ్ లేకుండా రివర్స్ ఇంజినీరింగ్. ఆ విప్పడం, బిగించడంతోనే ఆయన మెకానిక్ అయ్యాడు.

ఇప్పటి బండిని విప్పగలమా?

ఇక్కడ కథ కాసేపు ఆపి మన దగ్గరి బండి గురించి మాట్లాడతాను. లేకపోతే నాయుడు చేసిన పని ఎంత పెద్దదో, ఇప్పుడు అది ఎంత కష్టమో అర్థం కాదు.

సిరిసిల్లలో మా మేనమామకు సాంచాలు ఉన్నాయి. ఆయన దగ్గర ఒక టర్బో పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్ ఉంది. ఒక లీటరు ఇంజిన్, మూడు సిలిండర్లు. సిరిసిల్ల నుంచి వేములవాడ, అక్కడ నుంచి కోరుట్ల, కోరుట్ల నుంచి జగిత్యాల, ఈ రూట్లో నెలకు మూడు నాలుగు సార్లు తిరుగుతుంది. చాలాసార్లు నేను పక్క సీట్లో, లైసెన్స్ వచ్చాక కొన్నిసార్లు స్టీరింగ్ దగ్గర.

టర్బో లేని ఒక లీటరు ఇంజిన్ మామూలుగా 65, 70 హార్స్‌పవర్ ఇస్తుంది. అదే సైజు ఇంజిన్‌కి టర్బో పెడితే 100 దాటుతుంది. ఎట్లాగంటే, సైలెన్సర్ వైపు పోయే వేడి పొగ ఒక చిన్న చక్రాన్ని తిప్పుతుంది. దానికే బిగించిన ఇంకో చక్రం బయటి గాలిని ఒత్తిడితో సిలిండర్లోకి నెడుతుంది. గాలి ఎక్కువైతే పెట్రోల్ ఎక్కువ మండించొచ్చు. పారేసే పొగతో పని చేయించుకోవడం అన్నమాట. ఈ ఐడియాకి స్విస్ ఇంజినీర్ ఆల్ఫ్రెడ్ బ్యూషి 1905లో పేటెంట్ తీసుకున్నాడు. అప్పటికి మన నాయుడికి 12 ఏళ్లు. మొదట ఓడల్లో, విమానాల్లో వాడారు. మామూలు జనం కొనుక్కునే పెట్రోల్ కార్లలోకి 1962లో అమెరికాలో వచ్చింది.

నడిపేటప్పుడు తేడా బాగా తెలుస్తుంది. ఊళ్లో ఆటోలు, బఫెలోల మధ్య తక్కువ ఆర్‌పీఎంలో పోతుంటే బండి కొంచెం నిద్రమత్తులో ఉన్నట్టు ఉంటుంది. 2,000 దాటగానే వెనక నుంచి ఎవరో తోసినట్టు ముందుకు పోతుంది. కోరుట్ల, జగిత్యాల మధ్య 63వ నంబర్ జాతీయ రహదారి మీద వడ్ల లారీని ఓవర్‌టేక్ చేయాలంటే గేరు తగ్గించాల్సిన పని దాదాపు ఉండదు. మైలేజీ మాత్రం పూర్తిగా కాలు మీద ఆధారపడి ఉంటుంది. మెల్లగా పోతే సంతోషపెడుతుంది. టర్బో ఉంది కదా అని ప్రతిసారీ తొక్కితే బంకు వాడు సంతోషపడతాడు.

మెయింటెనెన్స్‌లో మామ పాటించేవి నాలుగే. ఆయిల్ సింథటిక్‌దే, కంపెనీ చెప్పిన గ్రేడ్‌దే, టైముకి మార్చాలి. ఎందుకంటే టర్బో చక్రం నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరుగుతుంది, దాన్ని కాపాడేది ఆ పలచటి ఆయిల్ పొరే. రెండోది, హైవే మీద గట్టిగా నడిపి వచ్చి వెంటనే కీ తిప్పి ఆపకూడదు. ఒక నిమిషం అట్లనే వదిలేయాలి, లేకపోతే వేడికి ఆయిల్ లోపలే మాడిపోతుంది. మూడోది, ఎయిర్ ఫిల్టర్. మన దగ్గర గ్రానైట్ లారీల దుమ్ము, వరికోతల టైంలో ఊక దుమ్ము. పుస్తకంలో రాసిన దానికంటే ముందే చూసుకోవాలి. నాలుగోది, పైపులు, క్లాంపులు. గాలి ఎక్కడ లీకైనా టర్బో ఉండి లేనట్టే.

ఒకసారి ఇంజిన్ లైట్ వెలిగింది, పికప్ పోయింది. ఒక సర్వీస్ సెంటర్‌కి తీసుకుపోతే రెండు రోజులు ఉంచుకుని టర్బో మొత్తం మార్చాలన్నారు. వాళ్లు చెప్పిన ఖర్చుకి రెండు పాత సాంచాలు వస్తాయి. మామ బండి వాపస్ తెచ్చుకుని కోరుట్లలో తెలిసిన మెకానిక్‌కి చూపించాడు. ఆయన ఫోన్‌కి చిన్న స్కానర్ కలిపి కోడ్ చదివాడు. తర్వాత బానెట్ ఎత్తి, ఇంజిన్ రేజ్ చేయించి, చెవి పెట్టి విన్నాడు. ఇంటర్‌కూలర్ దగ్గర రబ్బరు పైపు పగిలి గాలి పోతోంది. పైపు మార్చాడు, లైట్ పోయింది.

నాయుడి కథలో ఈ పైపు గురించి ఎందుకు చెప్పానంటే, ఆ మెకానిక్ దగ్గర రెండూ ఉన్నాయి. కోడ్ చదవడం వచ్చు, చెవితో వినడం వచ్చు. మనకు కాలేజీలో మొదటిది మాత్రమే నేర్పుతున్నారు. నాయుడి కాలంలో రెండోది మాత్రమే ఉండేది. ఇప్పటి బండిలో ఇంజిన్‌తో పాటు ఒక కంప్యూటర్ కూడా ఉంటుంది, దాని కోడ్ కంపెనీ చేతిలోనే ఉంటుంది. రడ్జ్ బండిని విప్పడానికి స్పానర్ చాలు. దీన్ని విప్పడానికి చాలదు.

పత్తిలో సంపాదించి, పత్తిలో పోగొట్టుకుని

మళ్లీ నాయుడి దగ్గరికి వద్దాం. మెకానిక్ పని తర్వాత ఆయన పత్తి వ్యాపారంలోకి దిగాడు. తిరుప్పూరులో జిన్నింగ్ పెట్టాడు. మొదటి ప్రపంచ యుద్ధం టైంలో పత్తికి గిరాకీ బాగా ఉంది, డబ్బు బాగా వచ్చింది. ఆ ధైర్యంతో బొంబాయి పత్తి మార్కెట్‌కి వెళ్లాడు. అక్కడి వ్యాపారం వేరే లెవెల్. వచ్చిందంతా పోయింది. పత్తి రేటు నమ్ముకుని మునిగిన రైతులు, వ్యాపారులు మన జగిత్యాల వైపు కూడా ఉన్నారు కాబట్టి ఈ భాగం మనకు విడమరిచి చెప్పక్కర్లేదు.

ఖాళీ చేతులతో కోయంబత్తూరు వచ్చి రాబర్ట్ స్టేన్స్ దగ్గర పనికి కుదిరాడు. స్టేన్స్ అక్కడ మిల్లులు, కాఫీ వ్యాపారం ఉన్న పెద్ద ఇంగ్లీషు వ్యాపారి. ఇంగ్లీషు మాట్లాడటం, లెక్కలు రాయడం, వ్యాపారం నడపడం నాయుడు అక్కడే నేర్చుకున్నాడు. కుర్రాడిలో విషయం ఉందని స్టేన్స్‌కి అర్థమైంది. సొంతంగా బస్సు నడుపుకొమ్మని 4,000 రూపాయలు అప్పు ఇచ్చాడు. నాయుడు మరో 4,000 పోగుచేసి ఒక బస్సు కొన్నాడు.

ఒక బస్సు నుంచి యూఎంఎస్

1920లో ఆ బస్సు పొల్లాచ్చి నుంచి పళనికి మొదలైంది. సుమారు 60 కిలోమీటర్లు. మన లెక్కలో సిరిసిల్ల నుంచి వేములవాడ మీదుగా కోరుట్ల పోయినంత. పళని పెద్ద మురుగన్ క్షేత్రం, వేములవాడ రాజన్న దగ్గరికి పోయినట్టు జనం ఏడాది పొడుగునా పోతుంటారు. రూట్ సెలెక్ట్ చేయడంలోనే ఆయన తెలివి కనిపిస్తుంది. డ్రైవర్ ఆయనే, మెకానిక్ ఆయనే.

ఒక బస్సు కొన్ని బస్సులైంది, కొన్ని ఒక కంపెనీ అయింది. దాని పేరు యూనివర్సల్ మోటార్ సర్వీస్, యూఎంఎస్. కొన్నేళ్లలోనే దేశంలో బాగా నడిచే బస్సు సంస్థల్లో ఒకటిగా పేరు తెచ్చుకుంది. పోలిక కోసం చెప్తున్నా, మన వైపు నిజాం ప్రభుత్వం బస్సులు మొదలుపెట్టింది 1932లో, 27 బస్సులతో. ఇప్పటి ఆర్టీసీకి మూలం అదే. అంటే నాయుడు దానికి 12 ఏళ్ల ముందే ప్రైవేటుగా ఈ పనిలో ఉన్నాడు.

బస్సు వ్యాపారంలో టికెట్ డబ్బులు అందరికీ కనిపిస్తాయి. రాత్రి షెడ్డులో జరిగే పని ఎవరికీ కనపడదు. బ్రేకు, టైరు, స్టీరింగ్, ఆయిల్. నాయుడు మెకానిక్‌గా మొదలై ఓనర్ అయ్యాడు కాబట్టి ఆ రెండో భాగం ఆయనకు చిన్నదిగా అనిపించలేదు. ఇది చిన్న విషయం కాదని మన ప్రాంతం వాళ్లకు తెలుసు. 2018 సెప్టెంబర్ 11న కొండగట్టు ఘాట్ మీద కిక్కిరిసిన బస్సు లోయలో పడి పదుల మంది చనిపోయారు. ఆ దారిలో పోయేటప్పుడు ఇప్పటికీ బస్సులో మాటలు ఆగిపోతాయి. ఒక బస్సులో ఎంతమందిని ఎక్కించాలి, ఏ బస్సుని ఏ రోడ్డు మీదికి పంపాలి, ఎప్పుడు పంపకూడదు అన్నది కూడా ఇంజినీరింగే. ఎగ్జామ్‌లో మాత్రం దీనికి మార్కులుండవు.

సిరిసిల్ల సాంచాలకీ, మన బోర్లకీ సంబంధం

1930ల మొదట్లో నీలగిరి కొండల్లో పైకారా దగ్గర నీటి నుంచి కరెంటు తీయడం మొదలైంది. ఆ కరెంటు కోయంబత్తూరుకి రాగానే ఊరే మారిపోయింది. మిల్లులు పెరిగాయి, బావుల మీద పంపులు వచ్చాయి. వాటన్నిటికీ మోటార్లు కావాలి. అవి విదేశాల నుంచే రావాలి.

నాయుడు ఈ పని ఇక్కడే చేద్దామనుకున్నాడు. డి. బాలసుందరం నాయుడు అనే టెక్నీషియన్‌తో కలిసి పీళమేడులో నేషనల్ ఎలక్ట్రిక్ వర్క్స్ పెట్టాడు. 1937లో అక్కడ నుంచి ఎలక్ట్రిక్ మోటారు బయటికి వచ్చింది. భారతదేశంలో తయారైన తొలి ఎలక్ట్రిక్ మోటారుగా దాన్నే చెప్తారు. బాలసుందరం నాయుడు తర్వాత టెక్స్‌టూల్ అనే సొంత కంపెనీ పెట్టాడు. అట్లా ఒకరిని చూసి ఒకరు, ఒకరి దగ్గర పని నేర్చుకుని ఇంకొకరు. కోయంబత్తూరు మోటార్ల ఊరు, పంపుల ఊరు అయింది.

ఇప్పుడు మన ఊళ్లకు రండి. కోరుట్ల, మెట్‌పల్లి వైపు పసుపు చేనులో గానీ, జగిత్యాల వరి పొలంలో గానీ బోరు మోటరు మీద పేరు చదవండి. టెక్స్‌మో, సీఆర్ఐ లాంటి పేర్లు కనిపిస్తాయి. అవి కోయంబత్తూరువే. సిరిసిల్లలో ఏ గల్లీలోకి పోయినా వినిపించే ఆ టకటక చప్పుడు కూడా, ఒక్కో సాంచాను ఒక్కో చిన్న మోటారు తిప్పితేనే వస్తుంది. మోటారు కాలితే వైండింగ్ షాపు వాడు రాగి తీగ చుట్టి సాయంత్రానికి ఇచ్చేస్తాడు. మోటారుని విప్పి బాగుచేసుకోవడం మన దగ్గర మామూలు విషయం. ఒకప్పుడు ఈ దేశంలో అది ఎవరూ తయారు చేయని వస్తువు.

రేజర్, రేడియో, రెండు వేల కారు

నాయుడు ఒక్కచోట ఆగే రకం కాదు. యూరప్, అమెరికా తిరిగాడు. ఎక్కడికి పోయినా మెడలో కెమెరా. 1936లో లండన్‌లో ఐదో జార్జి చక్రవర్తి అంత్యక్రియలను స్వయంగా సినిమా తీశాడు. ఫ్యాక్టరీలు చూసి వచ్చి ఇక్కడ ప్రయోగాలు చేసేవాడు.

బ్యాటరీతో నడిచే షేవింగ్ రేజర్ చేశాడు, దాని పేరు రాసంట్. అతి పలచటి షేవింగ్ బ్లేడ్లు చేశాడు. పండ్ల రసం తీసే యంత్రం, కిరోసిన్‌తో తిరిగే ఫ్యాన్ చేశాడు. మోసం చేయడానికి వీల్లేని ఓటు యంత్రం కూడా తయారుచేశాడు. మన హైదరాబాద్ ఈసీఐఎల్ వాళ్ల ఈవీఎంలు రావడానికి చాలా ముందు మాట ఇది. 1941లో ఐదు వాల్వుల రేడియోని 70 రూపాయలకే ఇవ్వగలనని చూపించాడు. పోదనూరు పొలంలో పత్తి, బొప్పాయి మీద కూడా ప్రయోగాలు చేశాడు. మనిషి కంటే ఎత్తు పెరిగిన ఆయన పత్తి మొక్కలు చూడటానికి జనం వచ్చేవాళ్లు. సి.వి. రామన్ లాంటి సైంటిస్టు ఈ మూడో తరగతి మనిషిని బాగా మెచ్చుకున్నాడు.

అన్నిటికంటే నన్ను ఆపింది 1952 నాటి కారు. ఇద్దరు కూర్చునే పెట్రోల్ కారు. ధర 2,000 రూపాయలు. చిన్న కారు, తక్కువ ధర, మామూలు మనిషి కొనుక్కోగలిగేది. ఇప్పుడు మన రోడ్ల మీద తిరిగే హ్యాచ్‌బ్యాక్‌ల వెనక ఉన్న ఆలోచన కూడా ఇదే కదా. కానీ అప్పటికి పరిశ్రమల లైసెన్సు చట్టం వచ్చేసింది. 1951 చట్టం అది. ఫ్యాక్టరీ పెట్టి ఏదైనా తయారు చేయాలంటే ఢిల్లీ ఒప్పుకోవాలి. నాయుడి కారుకి లైసెన్స్ ఇవ్వలేదు. కారు అక్కడితో ఆగిపోయింది.

మారుతి 800 వచ్చింది 1983 డిసెంబర్‌లో. అంటే మధ్యలో 31 ఏళ్లు. ఆ కారు తయారై ఉంటే గ్యారంటీగా హిట్టయ్యేదని నేను అనను. 2,000కి చేయడం ఒకటి, వేల సంఖ్యలో చేయడం, స్పేర్ పార్టులు ప్రతి ఊరికీ పంపడం ఇంకొకటి. నానో సంగతి మనం చూశాం, ధర తక్కువైనంత మాత్రాన జనం కొనలేదు. కానీ నాయుడి కారుకి ఫెయిలయ్యే ఛాన్స్ కూడా ఇవ్వలేదు. బాధ అక్కడ ఉంది.

నాలుగేళ్లా, రెండేళ్లా?

ఇక మనకు డైరెక్టుగా తగిలే భాగం. నాయుడు తన సంపాదనలో పెద్ద భాగం పని నేర్పే చదువుల మీద పెట్టాడు. ఆయన విరాళంతో, పట్టుదలతో కోయంబత్తూరులో ఆర్థర్ హోప్ పాలిటెక్నిక్, 1945లో ఆర్థర్ హోప్ ఇంజినీరింగ్ కాలేజీ వచ్చాయి. ఆర్థర్ హోప్ అప్పటి మద్రాసు గవర్నర్. ఆ కాలేజీయే తర్వాత తడాగం రోడ్డుకి మారి గవర్నమెంట్ కాలేజ్ ఆఫ్ టెక్నాలజీ అయింది. అవినాశి రోడ్డు మీద మొదటి చోటుని మాత్రం జనం ఇప్పటికీ హోప్స్ అనే పిలుస్తారు.

ఆ ఇంజినీరింగ్ కాలేజీకి ప్రిన్సిపాల్ మూడో తరగతి చదివిన నాయుడు. ఆ కుర్చీలో కూర్చుని ఆయన అడిగిన మొదటి ప్రశ్న సిలబస్ మీద. నాలుగేళ్లు ఎందుకు? ఇదంతా రెండేళ్లలో నేర్పొచ్చు, మిగతా టైం దండగ అని ఆయన అభిప్రాయం. చదువు అయిపోయినవాళ్లకు కూడా అప్పుడప్పుడు కొత్త విషయాల మీద ట్రైనింగ్ ఉండాలన్నాడు. బ్రిటిష్ ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఆయన రాజీనామా చేసి వెళ్లిపోయాడు.

నేను ఇప్పుడు సెకండియర్. నాయుడి లెక్కలో అయితే నాకు ఈ ఏడాదితో డిగ్రీ చేతికి రావాలి. నిజాయితీగా ఆలోచిస్తే ఆయన మాటలో సగమే కరెక్ట్ అనిపిస్తుంది. మనం సెమిస్టర్‌లో ఎంత టైం నిజంగా నేర్చుకుంటున్నామో, ఎంత టైం రికార్డులు కాపీ చేస్తున్నామో మనందరికీ తెలుసు. ఆ లెక్కన రెండేళ్లు చాలు. కానీ మ్యాథ్స్, థర్మోడైనమిక్స్, అల్గారిథమ్స్ లాంటివి తొందరపడితే రావు. బ్యూషి టర్బో ఐడియాకి పేటెంట్ తీసుకుంది జ్యూరిచ్‌లో ఇంజినీరింగ్ పూర్తి చేసిన తర్వాతే. పొగలో ఎంత శక్తి వృథా అవుతుందో లెక్క కట్టగలిగాడు కాబట్టి ఆ ఐడియా వచ్చింది. విప్పి చూస్తే బండి ఎట్లా పనిచేస్తుందో తెలుస్తుంది. ఇంకా ఎంత బాగా పనిచేయొచ్చో తెలియాలంటే లెక్క రావాలి.

నాయుడు లెక్కను తక్కువ చేశాడని కాదు. ఆయన కోపమంతా చేత్తో ముట్టుకోకుండా ఇంజినీర్ అయిపోవడం మీద. ఆ కోపం 80 ఏళ్ల తర్వాత కూడా పాతబడలేదు. ఐసీ ఇంజిన్ల పేపర్లో మంచి మార్కులొచ్చి, ఇంట్లో బండి ఆయిల్ డిప్‌స్టిక్ ఎక్కడుందో తెలియని ఫ్రెండ్స్ మనకు లేరా? అట్లనే రోజూ స్కానర్ వాడే మెకానిక్‌కి అందులో కోడ్ ఎట్లా వస్తుందో చెప్పే మనిషి మన సీఎస్ఈ నుంచి ఒక్కడైనా వెళ్లాడా?

చివరి రోజులు

1944 నుంచే ఆయన బస్సు వ్యాపారం నుంచి పక్కకు జరిగి, కార్మికుల సంక్షేమం, చదువులు, ప్రదర్శనల మీద దృష్టి పెట్టాడు. 1967లో కోయంబత్తూరులో పారిశ్రామిక ప్రదర్శనశాల పెట్టాడు. పల్లె నుంచి వచ్చిన పిల్లవాడు కూడా యంత్రాన్ని దగ్గర నుంచి చూడాలన్నది దాని ఉద్దేశం. 1974 జనవరి 4న చనిపోయాడు.

ఆయన కుటుంబం ఆ ప్రదర్శనశాలని కాపాడుతూ వచ్చింది. 2015లో అవినాశి రోడ్డు మీద జీడీ కార్ మ్యూజియం కూడా తెరిచారు, రకరకాల దేశాల పాత కార్లు అందులో ఉన్నాయి. 2025 అక్టోబర్‌లో అదే రోడ్డు మీద కట్టిన సుమారు 10 కిలోమీటర్ల ఫ్లైఓవర్‌కి తమిళనాడు ప్రభుత్వం ఆయన పేరే పెట్టింది. లైసెన్స్ రాని కారు చేసిన మనిషి పేరు మీద ఇప్పుడు రోజూ వేల కార్లు పోతున్నాయి.

నాయుడి జీవితం పూర్తిగా సక్సెస్ స్టోరీ కాదు. చాలా వస్తువులు చేశాడు, వాటిలో చాలావరకు మార్కెట్‌కి రాలేదు. ఒకటి పూర్తిగా నిలబడకముందే ఇంకోదాని మీదికి పోయేవాడు. మాట నెగ్గకపోతే వదిలేసి వెళ్లిపోయే గుణం కూడా ఉంది. ప్రిన్సిపాల్‌గా ఇంకో రెండేళ్లు ఉండి కొట్లాడి ఉంటే ఏమయ్యేదో. నిలబడింది మాత్రం ఆయన దగ్గరా, ఆయన్ని చూసీ పని నేర్చుకున్న మనుషులు. వాళ్లు పెట్టిన కంపెనీల మోటార్లు ఈ రోజు కూడా మన బావుల్లో నీళ్లు తోడుతున్నాయి.

చివరగా క్లబ్ వాళ్లకు ఒక రిక్వెస్ట్. వచ్చే టెక్ ఫెస్ట్‌లో ఒక రోజు మెకానికల్ వాళ్లు, సీఎస్ఈ వాళ్లు కలిసి ఒక పాత ఇంజిన్ విప్పుదాం. స్క్రాప్ షాపులో పాత మూడు సిలిండర్ల ఇంజిన్ దొరుకుతుంది, చందాలేస్తే సరిపోతుంది. జగిత్యాల నుంచో, కోరుట్ల నుంచో ఒక మెకానిక్‌ని గెస్ట్ లెక్చరర్‌గా పిలిచి, సెమినార్ హాల్లో గెస్టులకు ఇచ్చే గౌరవమే ఆయనకూ ఇద్దాం. మళ్లీ బిగించాక అది స్టార్టవుతుందో లేదో వచ్చే సంచికలో రాస్తాను.